తట్టుకునే పొట్టేలు

గొర్రెల దొడ్డి పక్క ఇల్లు,
ఎండలు తగ్గుముఖం పట్టిన వారం.

వదినగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరంతో పాటు వస్తున్న రెండు పొట్లాలూ దయచేసి వంటింట్లో విప్పకండి. వాటిలో ఉన్నవి గొర్రె పెంటికలు. పిల్లనిచ్చిన ఇంటికి చీరో పళ్ళో పంపాలి గానీ ఇదేం పంపకమని అన్నయ్యగారు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. పశువుల పరీక్షశాలలో మీరు చేసే పని గురించి పెళ్ళిలో చెప్పినప్పటి నుంచీ నా మనసంతా దాని మీదే ఉంది.

పోయినేడు మా గొర్రెపిల్లల్లో సగానికి సగం నట్టలకి పోయాయి. కింది రెప్ప తిప్పి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. దవడ కింద నీరు దిగేది. నట్టల మందు తాగించాను, మందు మార్చి తాగించాను, డాక్టరుని పిలిపించాను. కడుపులో ఉన్న ఆ పురుగులు మందుకి అలవాటు పడిపోయాయట. ఇప్పుడవి మందు తాగి మూతి తుడుచుకుంటున్నాయి. ఈ ఏడు కూడా ఇలాగే అయితే మంద అమ్మేద్దాం అంటున్నాడు అబ్బాయి. వాడి మాటలో తప్పు లేదు. కానీ మంద లేకపోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలో నాకు తెలీదు. మా ఆయన పోయాక నన్ను నిలబెట్టింది ఆ గొర్రెలే.

పెళ్ళి భోజనాల దగ్గర మీరొక మాటన్నారు. కొన్ని గొర్రెలు పుట్టుకతోనే నట్టల్ని తట్టుకుంటాయని, ఆ గుణం పిల్లలకి దిగుతుందని, అలాంటి పొట్టేలుని మందలో పెట్టుకుంటే కొన్నేళ్ళకి మందు అవసరమే తగ్గిపోతుందని. పక్కవాళ్ళు మంచినీళ్ళు అడుగుతున్నా నేను వినిపించుకోలేదు, మీ మాటే వింటూ కూర్చున్నాను.

నాకు రెండు పొట్టేళ్ళున్నాయి. ఒకటి తట్టుకునేది, ఒకటి తట్టుకోలేనిది. ఏది ఏదో పొట్లాల మీద రాశాను. చూస్తేనే తెలిసిపోయే సంగతి, కానీ మీ నోట వస్తే అబ్బాయి వింటాడు. నేను చెబితే చాదస్తం అంటాడు.

మీ అమ్మాయి గురించి బెంగపెట్టుకోకండి. పట్నంలో పెరిగిన పిల్ల, ఈ వాసన, ఈ చాకిరీ ఏం పడుతుందిలే అనుకున్నాను. అన్నీ తట్టుకుంటోంది. ఇంతవరకూ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇక్కడ ఫోను పలకదు కాబట్టి ఉత్తరమే రాయండి.

మీ వియ్యపురాలు

*

పశువుల పరీక్షశాల, వెనక గది,
ఆ పై వారం.

వదినగారికి నమస్కరించి,

మీ ఉత్తరమూ, మీరు పంపిన పెంటికలూ క్షేమంగా అందాయి. ఆదివారం కావడంతో పొట్లాలు ఒక పూట మా ఫ్రిజ్‌లో ఉండాల్సి వచ్చింది. మీ అన్నయ్యగారు చూసి, వియ్యాలవారు మిరియాలు పంపారా, ఇంత లావున్నాయేమిటి అన్నారు. చెప్పాక ఆయన ఆ రోజు ఫ్రిజ్‌లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మేము చేసేది పెద్ద విద్యేమీ కాదండీ. పెంటికల్ని ఉప్పునీళ్ళలో కలిపి, వడకట్టి, గాజుపలక మీద పోస్తే నట్టల గుడ్లు పైకి తేలతాయి. మైక్రోస్కోపులో చూసి లెక్కపెడతాం. మీ పొట్టేళ్ళలో ఒకదానికి వెతికినా గుడ్లు దొరకలేదు. రెండోదానికి బియ్యం చల్లినట్టున్నాయి. మేసే చోట పడే గుడ్లన్నీ గడ్డిలో పురుగులై మళ్ళీ గొర్రెపిల్లల కడుపులోకే పోతాయి కదా, కాబట్టి గుడ్లు వదలని పొట్టేలు మీ అదృష్టం. మందలో పుట్టే ప్రతి పిల్లకీ సగం గుణాలు తండ్రివే.

పొట్లాల మీది రాతలో చిన్న తికమక కనిపించింది గానీ అది నేనే సర్దుకున్నాను, మీరు పట్టించుకోవద్దు. మీరు తట్టుకునేదన్న పొట్టేలునే నిశ్చింతగా మందలోకి వదలండి. ఒక్కసారి చూసి తేల్చేయడం మా పనిలో పద్ధతి కాదు కాబట్టి, వీలైనప్పుడు మరోసారి పంపితే మేలు.

అమ్మాయి ఉత్తరాలు రాస్తుంది గానీ వాటిలో 'ఇక్కడంతా బాగుంది' తప్ప ఇంకేమీ ఉండదు. మీరు నాలుగు మాటలు రాశారు, చాలా సంతోషం.

ఇట్లు,
మీ వియ్యపురాలు

*

గొర్రెల దొడ్డి పక్క ఇల్లు,
మొదటి వానలు పడ్డాక.

వదినగారికి,

మీ నోరు చల్లగా ఉండాలి! మీ ఉత్తరం అబ్బాయి చేత గట్టిగా చదివించాను, రెండుసార్లు. వాడు తల గోక్కుని, సరే ఈ ఒక్క ఏడు చూద్దాం అన్నాడు. ఆ సాయంత్రమే దొరని మందలోకి వదిలాను.

దొర అంటే మీకు తెలీదు కదూ. మా ఆయన పోయిన ఏడు పుట్టాడు. తల్లి దగ్గరికి రానివ్వకపోతే సీసాతో పాలు పట్టి నేనే పెంచాను. ఇప్పుడు వాడి నడక చూడాలి మీరు, కల్యాణమంటపంలోకి పెళ్ళికొడుకు తండ్రి వచ్చినట్టు వస్తాడు. ఒళ్ళంతా నిగనిగ. పోయినేడు పిల్లలన్నీ రాలిపోతున్నప్పుడు కూడా వాడు మేత మానలేదు, ఒక్క పూట నలతగా లేడు. తట్టుకోవడమంటే అదీ!

ఆ రెండోవాడున్నాడే, మురికోడు, వాడి తోక కింద ఎప్పుడు చూసినా పారుడు మరకలే. మనిషి చిన్నవాడు, మూతి ముడుచుకుని ఓ మూల నిలబడతాడు. సంత బండికి ఎక్కించేద్దామంటే మీ అమ్మాయి దొడ్డి తలుపు దగ్గర నిలబడి, 'ఉండనివ్వండి అత్తయ్యా' అంది. ఎందుకమ్మా వీడి మీద నీకింత ప్రేమ, గొర్రెల సంగతి నీకేం తెలుసు అన్నాను. 'సరే అత్తయ్యా' అంది. అంతే, ఏమన్నా సరే అత్తయ్యే. పోనీలే పాపమని ఈసారికి ఉంచాను.

మీరు మరోసారి పంపమన్నారుగా, పంపుతున్నాను. ఈసారి పెంటికలు ఏరి, పొట్లాలు కట్టి, పేర్లు రాసింది మీ అమ్మాయే. అన్నయ్యగారికి మిరియాలు అందాయో లేదో చెప్పండి.

మీ వియ్యపురాలు

*

పశువుల పరీక్షశాల, వెనక గది,
అదే నెలాఖరు.

వదినగారికి,

ఈ ఉత్తరం అందిన వెంటనే, చదవడం పూర్తి కాకముందే, దొరని మందలోంచి బయటికి తీసేయండి. తీశాక మిగతాది చదవండి.

దొర కడుపునిండా నట్టలే. మొదటిసారి గుడ్లు బియ్యం చల్లినట్టుంటే, ఇప్పుడు కుమ్మరించినట్టున్నాయి. మురికోడికి ఈసారీ ఏమీ లేవు. పొట్లాల మీద ఉన్నది మా అమ్మాయి రాత, అది నాకు తెలుసు, పొరపాటు పడే పిల్ల కాదు. అంటే మొదటిసారి మీరు రాసిందీ సరైనదే. 'తట్టుకునేది' అన్న పొట్లంలో గుడ్లు, 'తట్టుకోలేనిది' అన్న పొట్లం శుభ్రం. అది చూసి మీరు పొట్లాలు తారుమారు చేసి ఉంటారనుకున్నాను. వియ్యాలవారి పొరపాటు ఎత్తి చూపడం ఏం మర్యాద అని, మనసులోనే తిరగేసుకుని, మీకు తట్టుకునేదాన్నే వదలమని రాశాను. ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది.

తట్టుకోవడం అని మీరూ అన్నారు, నేనూ అన్నాను. మీ మాటకి అర్థం, కడుపులో ఎన్ని నట్టలున్నా పైకి కనబడనివ్వకుండా ఓర్చుకుని తిరగడం. దొర చేసేది అదే. తను బాగుంటాడు, తను మేసిన చోటల్లా గుడ్లు చల్లుతాడు, అవి తిన్న పసిపిల్లలు పోతాయి. నా మాటకి అర్థం, నట్టల్ని అసలు లోపల నిలవనివ్వకపోవడం. మురికోడి ఒళ్ళు ఆ పని చేస్తోంది. గడ్డితో పాటు లోపలికొచ్చిన ప్రతి పురుగుతోనూ పోట్లాడి బయటికి తోసేస్తుంది, కొన్ని గొర్రెలకి ఆ పోట్లాటలోనే పారుడు పడుతుంది. ఆ తోక చూసి అసహ్యించుకోకండి. మందలోకి వెళ్ళాల్సింది వాడే.

రెండు రోజుల నుంచీ ఈ మాటే నా బుర్రలో తిరుగుతోంది. ఇంకొకటి అడగాలి. అడగకుండా ఉండటమే మర్యాద అనుకునే రకాన్ని నేను, కానీ ఆ మర్యాద ఏం చేసిందో చూశాం కదా. మా అమ్మాయి అన్నీ తట్టుకుంటోందని రాశారు. అది దొరలా తట్టుకుంటోందా, మురికోడిలానా?

మీ వియ్యపురాలు

*

గొర్రెల దొడ్డి పక్క ఇల్లు,
ఉత్తరం అందిన రోజే.

వదినా,

గారు తీసేశాను. నీ మర్యాద తగలెయ్య! పొట్లాలు తారుమారయ్యాయా అని ఒక్క మాట అడగడానికి నీ నోటికేం వచ్చింది? అడిగితే నేనేమన్నా కొరుకుతానా? ఇన్ని రోజులూ దొర మందలోనే ఉన్నాడు. సగం గొర్రెలు ఇప్పటికే చూలు నిలబెట్టుకుని ఉంటాయి. వాటి కడుపులో ఉన్నది కూడా నువ్వొచ్చి సర్దుకుంటావా?

దొరని బయటికి లాగేశాను. విడిగా కట్టేస్తే తలుపుని కుమ్ముతున్నాడు. ఆ చప్పుడు వింటూ ఈ ఉత్తరం రాస్తున్నాను. మురికోణ్ణి లోపలికి వదిలాను. వాడు మందలోకి వెళ్ళి, ఏ గొర్రె వైపూ చూడకుండా, ముందు నీళ్ళు తాగాడు. వీడి మీదా నా ఆశలు!

ఇక నీ కూతురి సంగతి. నేను కోడల్ని రాచి రంపాన పెడుతున్నాననే కదా నీ అర్థం? అన్నం పెట్టకుండా మాడుస్తున్నానా? గట్టిగా ఒక మాటన్నానా? నోరు తెరిచి అది ఏదైనా అడిగితే కదా నేను ఇచ్చానో లేదో తెలిసేది. నా కోడల్ని నా పొట్టేలుతో పోల్చి ఉత్తరం రాస్తావా?

ఇంక రాయను.

*

మేడమీది గది,
వెంటనే.

వదినా,

నువ్వన్నావు కాబట్టి నేనూ నువ్వే. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. మీ అన్నయ్యగారు నీ ఉత్తరం చదివి, ఇప్పుడు మనకి నిజంగా వియ్యం కుదిరింది అన్నారు.

నువ్వు తిట్టింది పొట్టేలు గురించి అయితే ప్రతి తిట్టూ నాకే చెందుతుంది, దాచుకుంటాను. కానీ నువ్వు అమ్మాయిని కష్టపెడుతున్నావని నేననలేదు. నా దగ్గరా అది అలాగే పెరిగింది. జ్వరమొస్తే నేను ఒళ్ళు ముట్టుకుంటేనే తెలిసేది. ఇంత నెమ్మదైన పిల్ల ఎవరికుందని నేనూ మురిసిపోయాను, నీలాగే. నేనడిగితే 'అంతా బాగుంది' అంటుంది. ఆ జవాబు దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. నువ్వు అడిగితే వేరే మాట రావచ్చు, నువ్వు నాలా మెత్తగా అడగవు కదా.

అడుగు వదినా. నాకు భయంగా ఉంది.

*

గొర్రెల దొడ్డి పక్క ఇల్లు,
వానలు జోరు మీదున్న రోజులు.

వదినా,

ఇంక రాయనన్నాను, రాస్తున్నాను. నా కోపం సంగతి అబ్బాయిని అడిగితే చెబుతాడు, పొంగినంత సేపు పట్టదు చల్లారడానికి.

నిన్న గొర్రెల రెప్పలు చూస్తున్నాం. నీ కూతురు గొర్రెని పట్టుకుంటే నేను రెప్ప తిప్పుతున్నాను. ఉన్నట్టుండి అడిగేశాను, 'ఏమే, నా దగ్గర నీకెలా ఉంది?' అని. 'బాగానే ఉంది అత్తయ్యా' అంది. 'ఆ బాగానే అన్నది మీ అమ్మకి రాసే మాటా, నిజం మాటా?' అన్నాను. చేతిలో గొర్రెని వదిలేసింది. ఆ గొర్రె కాస్తా నా కాళ్ళ మధ్య నుంచి దూరి నన్ను బురదలో కూలబడేసింది. నీ కూతురు నన్ను లేపడానికి చెయ్యి ఇచ్చి, లేపకుండానే ఏడవడం మొదలుపెట్టింది. నేను బురదలో, అది నా చెయ్యి పట్టుకుని పైన.

దొర మీద దానికి మొదటి నుంచీ అనుమానమేనట. పోయినేడు పోయిన పిల్లలన్నీ దొర మేసిన వైపు మేసినవేనని అబ్బాయి మాటల్లో విని, లెక్క కట్టుకుందట. 'మరి నాకు చెప్పవేం?' అంటే, 'మీరు సీసాతో పాలు పట్టి పెంచారని ఆయన చెప్పారు అత్తయ్యా, నేనేమని చెప్పను? పైగా మా అమ్మే దొరని వదలమని రాసేసరికి, నేననుకున్నదే తప్పేమో అనుకున్నా' అంది. ఆ తర్వాత అన్న మాట నాకు గుచ్చుకుంది వదినా. 'ఈ ఇంట్లో నన్ను చెయ్యమంటారు, చేస్తాను. ఏదీ అడగరు. ఎందుకు ఉంచమన్నావని మురికోడి గురించైనా అడుగుతారేమో అనుకున్నా. నీకేం తెలుసన్నారు' అంది. నీళ్ళతొట్టి దగ్గర ఒక్కతే ఉన్నప్పుడు ఏడుస్తుందట. నేనేమో ఆ తొట్టి అంత శుభ్రంగా కడుగుతోందని పదిమందికీ చెప్పుకున్నాను.

నాకు తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది, దాని మీద కాదు, ఎవరి మీదో తెలీదు. బురద దులుపుకుని, 'ఇవాళ్టి నుంచి మందలో ఏ పొట్టేలు ఉండాలో నువ్వే చెప్పు. నేను అడ్డం రాను' అన్నాను. నమ్మలేదులే. నా మొహం చూసి, ఎప్పటిలాగే సరే అత్తయ్యా అంది.

అడిగావు, చెప్పాను. నీ కూతురు దొరలానే తట్టుకుంటోంది. నన్ను తిట్టు.

*

పశువుల పరీక్షశాల, వెనక గది,
చలికాలం.

వదినా,

నిన్ను తిట్టను. ఆ ఉత్తరం చదివి నేనూ ఏడ్చాను, అమ్మాయి నీకు చెప్పుకున్నందుకు కాస్త ఈర్ష్య కూడా పడ్డాను. ఈమధ్య దాని ఉత్తరాలు పొడుగవుతున్నాయి. పోయినవారం నా మీద ఒక ఫిర్యాదు కూడా రాసింది, చిన్నప్పుడు దాని జడ మరీ బిగించి వేసేదాన్నట! చదివి ఎంత సంబరపడ్డానో.

దొరని పంపేశారని రాసింది. అబ్బాయి బండి ఎక్కించాడని, నువ్వు బయటికి రాలేదని. నీకేం రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఆగాను. నీ పెంపకంలో లోపం లేదు. వాడి ఒంటి గుణం వాడి పుట్టుకలోనే ఉంది.

ముందు పుట్టినవి దొర పిల్లలు, వెనక పుట్టినవి మురికోడి పిల్లలు అనుకోవచ్చు. ఎక్కువ ఆశ పెట్టుకోకు. తల్లుల గుణం కూడా కలుస్తుంది, కొన్నిట్లో కనిపిస్తుంది, కొన్నిట్లో కనిపించదు. ఒక్క ఏడాదిలో మంద మారిపోదు. పాలు మానేసి గడ్డి పట్టాక, వానల్లో, అప్పుడు తేడా కొంత తెలుస్తుంది. మురికోడి కొడుకుల్లో మంచివాణ్ణి ఎంచి మళ్ళీ ఉంచుకుంటూ పోవాలి. అందమైనవాణ్ణి కాదు, మంచివాణ్ణి. పెంటికలు పంపిస్తూ ఉండండి. మీ అన్నయ్యగారు ఫ్రిజ్ విడిగా కొనేశారు.

నీ వదిన

*

గొర్రెల దొడ్డి పక్క ఇల్లు,
మరుసటి ఏడు, వానలు వెలిశాక.

వదినా,

వానలు దాటాం. కొన్ని పిల్లలు పోయాయి, లేవని అబద్ధమాడను. పోయినవాటిలో ఎక్కువ దొర పిల్లలే. మురికోడి పిల్లల్లో చాలావాటికి రెప్ప తిప్పితే లోపల దానిమ్మ గింజ రంగు. తోకలు మాత్రం అచ్చం తండ్రివే, కడగలేక చస్తున్నాం. అబ్బాయి మంద అమ్మే మాట ఎత్తడం మానేశాడు. పైగా తనే ఈ ఉపాయం కనిపెట్టినట్టు సంతలో చెబుతున్నాడట.

ఇక అసలు సంగతి. దొర కొడుకొకడు మిగిలాడు. తండ్రి పోలికే, నుదుటి మీద సుడితో సహా. మొన్న చూసుకుని చూసుకుని, నా మనసు ఆగలేదు. మెడకి తాడేసి నీ కూతురి దగ్గరికి తీసుకెళ్ళాను. 'వీడు గట్టివాడే, వానలన్నీ తట్టుకున్నాడు, రెప్ప చూడు ఎంత ఎర్రగా ఉందో. వీణ్ణి పొట్టేలుగా ఉంచుకుందామా?' అన్నాను. చేస్తున్న పని ఆపి, వాణ్ణి చూసి, 'వద్దు' అంది. అత్తయ్యా అని కూడా అనలేదు. వీడి పెంటికలు నీకు పంపిందట, తండ్రికి తగ్గ కొడుకేనని నువ్వు రాశావట. నాకొక్క ముక్క చెప్పావా నువ్వు?

బతిమాలాను. ఒక్కణ్ణే కదా అన్నాను. మందకి దూరంగా కట్టేస్తానన్నాను. 'ఏదో ఒక రోజు విప్పేస్తారు మీరు' అంది. నాకు ఒళ్ళు మండింది. 'ఈ మంద ఎవరిదనుకున్నావే?' అని అరిచాను. అబ్బాయి లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. అది మాత్రం కదల్లేదు. 'మీదే అత్తయ్యా. అందుకే వద్దంటున్నా' అంది.

అక్కడే కూలబడి ఏడ్చాను వదినా, వాడి మెడ కావలించుకుని, నా కొడుకు ముందు, సిగ్గు లేకుండా. మా ఆయన పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. నీ కూతురు వచ్చి పక్కన కూర్చుంది. నా వీపు నిమిరింది. తనకీ కళ్ళనిండా నీళ్ళే. అయినా మాట మార్చుకోలేదు.

పొద్దున్నే లేచి వాణ్ణి నేనే సంత బండి ఎక్కించి వచ్చాను. ఇక మా మందకి భయం లేదు.

నీ వదిన